గ్రంథాలయంలో ఒక ఆటబల్ల వేయించండి: జిల్లా గ్రంథాలయ సంస్థలకు బహిరంగ లేఖ



కోరేదేమిటో ముందే చెప్తాను. ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి ఒక పూట ఒక బల్ల, ఐదు కుర్చీలు ఆటకు కేటాయించండి. ఆ బల్ల మీద వాతావరణ మార్పు గురించిన ఆటలు ఆడించండి. ఒకరు గెలవడానికి నలుగురు ఓడాల్సిన ఆటలు కావివి. గెలిస్తే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా గెలుస్తారు, ఓడితే అంతా ఓడతారు. వెనకాల పది మంది నిలబడి చూస్తారు, సలహాలు చెప్తారు, వాదనకు దిగుతారు. ఆ వాదన కోసమే ఈ ఆట.

నేను హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. అనంతపురం జిల్లాలో మా ఊళ్లో కొందరం కలిసి కొంతకాలంగా ఈ ఆటలు ఆడిస్తున్నాం. ఒకసారి ఎవరి వరండాలోనో, ఇంకోసారి ఎవరి మిద్దె మీదో, బడికి సెలవులిస్తే బడిలో. చోటు దొరికితే ఆడటం, దొరక్కపోతే మానుకోవడం. దీనికొక స్థిరమైన చోటు కావాలి, అది ఏ ఒక్కరి సొంతమూ కాకూడదు అనుకున్న ప్రతిసారీ నాకు తట్టింది గ్రంథాలయమే.

వాతావరణం మారుతోందని మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఏం చేసిందో చూశాం. మరుసటి ఏడు మే నెల ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోతూనే ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే నీళ్లలో చిక్కుకుపోయాయి. వీటిలో ప్రతిదానికీ వాతావరణ మార్పొక్కటే కారణమని నేననను. బుడమేరు ముంపుకు మనుషుల చేతల పాలు చాలా ఉంది. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఆ నీరు కురిసేటప్పుడు కుండపోతగా కురుస్తుంది. బళ్లో నేను చెప్పిన పాఠమే ఇప్పుడు మా వీధుల్లో మోకాటి లోతున నిలబడుతోంది.

ప్రతి విపత్తు తర్వాతా మనం మాట్లాడుకునేది ఎవరు ఏం చేయలేదన్న విషయమే. విపత్తు రాకముందు నలుగురం కూర్చుని మనమేం చేద్దామని మాట్లాడుకునే సందర్భం ఊళ్లలో లేదు. ఉపన్యాసం పెట్టిస్తే ఒకరు చెప్తారు, మిగతావాళ్లు వింటారు. వినేవాళ్లు ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు, తీసుకున్న నిర్ణయం బెడిసికొడితే ఏమవుతుందో చూడక్కర్లేదు. ఆట ఆ రెండు పనులూ చేయిస్తుంది.

ముందు మేం ఆడిన పెద్ద ఆట గురించి చెప్తాను. దాని పేరు డేబ్రేక్. 2023లో వచ్చింది. దాన్ని తయారుచేసింది మ్యాట్ లీకాక్, మత్తేయో మెనపాచే అనే ఇద్దరు. ఈ లీకాక్ గారే 2008లో పాండమిక్ అనే ఆట తెచ్చారు. ఆటగాళ్లంతా ఏకమై ప్రపంచమంతా పాకే రోగాలను ఆపే ఆట అది. కలిసి ఆడే ఆటలకు ప్రపంచంలో ఇంత ఆదరణ రావడంలో దాని పాత్ర పెద్దది. డేబ్రేక్‌కు 2024లో జర్మనీలో ఇచ్చే కెన్నర్‌ష్పీల్ దెస్ యారెస్ పురస్కారం వచ్చింది. అనుభవమున్న ఆటగాళ్లకు తగిన ఏటి మేటి ఆటకు ఇచ్చే పురస్కారమది. పెట్టెలో ప్లాస్టిక్ ముక్క ఉండదు. అంతా అట్ట, కాగితం, చెక్క.

ఆట తీరు ఇది. నలుగురిలో ఒకరు అమెరికా, ఒకరు యూరప్, ఒకరు చైనా. నాలుగో మనిషి మిగతా ప్రపంచం మొత్తం. భారత్, ఆఫ్రికా, లాటిన్ అమెరికా అన్నీ ఆ నాలుగో మనిషి చేతిలోనే. ఆరు విడతల్లోపు గెలవాలి. విడత విడతకీ ప్రతి ఒక్కరి జనానికీ కావలసిన కరెంటు పెరుగుతూ పోతుంది. బొగ్గు, చమురు కేంద్రాలు మూస్తూ సౌర, పవన విద్యుత్తు తెచ్చుకోవాలి. రవాణా నుంచి, పరిశ్రమల నుంచి, సేద్యం నుంచి వచ్చే కాలుష్యం తగ్గించుకోవాలి. వదిలిన కర్బనంలో కొంత అడవులూ సముద్రాలూ పీల్చుకుంటాయి. మిగిలినదంతా ఉష్ణమాపకం మీదికి ఎక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ ప్రతి విడత చివరా పాచికలు ఎక్కువసార్లు వేయాలి. అవి పడిన తీరును బట్టి మంచు కరుగుతుంది, అడవి ఎండుతుంది, ఆపదలు వచ్చిపడతాయి. 2 డిగ్రీలకు చేరితే అందరూ ఓడినట్టే. వదిలేదాని కంటే పీల్చుకునేది ఎక్కువై, ఆ విడత ఆపదలను కూడా తట్టుకుని నిలిస్తే అందరూ గెలిచినట్టే.

ఇంకొక నియమముంది. అసలు ఆట దానిలోనే ఉందని నా అభిప్రాయం. నలుగురిలో ఏ ఒక్కరి దగ్గరైనా ఆపదలో పడిన సమూహాలు 12 అయితే, మిగతా ముగ్గురూ ఎంత బాగా ఆడినా ఆట అక్కడికి ముగుస్తుంది. అంతా ఓడిపోతారు.

ఒక ఆదివారం గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలతో ఈ ఆట ఆడించాను. అమెరికా తీసుకున్న అబ్బాయి లెక్కలో గట్టివాడు. మూడో విడతకే బొగ్గు కేంద్రాలు చాలావరకు మూసేశాడు. తన బోర్డు చూసుకుని సంతోషంగా ఉన్నాడు. మిగతా ప్రపంచం తీసుకున్న అమ్మాయి బోర్డు మీద ఆపదలో పడిన సమూహాలు 10కి చేరాయి. కరెంటు గిరాకీ అందరికంటే ఆమెకే వేగంగా పెరుగుతోంది, చేతిలో ఉన్న కార్డులు ఆపదలకే సరిపోవడం లేదు. "నాది క్లియర్ అయిపోతోంది, మీరు కూడా త్వరగా చెయ్యండి" అన్నాడు అబ్బాయి. ఆ అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది: "అన్నా, ఇంకో రెండు పడితే నాతో పాటు నువ్వూ పోతావ్."

అతను తన బోర్డు మీంచి తలెత్తి ఆమె బోర్డు చూడటం అప్పుడే మొదలుపెట్టాడు. తన దగ్గరున్న కార్డుల్లో ఆమెకు పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయా అని ఒక్కొక్కటే చదివాడు. నలుగురూ కలిసి ఉమ్మడి పథకం ఎంచుకునేటప్పుడు తనకు లాభించేది పక్కనబెట్టి, ఆమె సమూహాలను కాపాడేదానికి సరేనన్నాడు. ఆట తర్వాత గంటసేపు మాట్లాడుకున్నారు. ఒక అమెరికన్ ఏడాదికి సగటున వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 14 టన్నులు, మన దేశంలో మనిషి వదిలేది సుమారు 2 టన్నులు అని నేను చెప్పినప్పుడు ఆ అబ్బాయి, "మరి నా బోర్డు మీంచి ఆమెకు సాయం వెళ్లడం దానం ఎట్లవుతుంది మేడం, బాకీ కదా!" అన్నాడు. అంతర్జాతీయ వాతావరణ సదస్సుల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న మాట అది. పోటీ పరీక్షల పుస్తకంలో వాళ్లు ఆ సదస్సుల పేర్లూ సంవత్సరాలూ బట్టీ పడతారు. గొడవ దేని గురించో వాళ్లకు తెలిసింది ఆ సాయంత్రం.

అయితే మండల గ్రంథాలయానికి డేబ్రేక్ ఒక్కటే చాలదు. ఇంగ్లిష్ కార్డులు, ఖరీదైన పెట్టె, నియమాలు వంటబట్టడానికి ఒక పూట. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో ఒక్కో పెట్టె ఉంచండి, కాలేజీ పిల్లలు అల్లుకుపోతారు. మా ఊళ్లో రైతులు, పొదుపు సంఘాల ఆడవాళ్లు ఆడేది వేరే ఆట. దాని మూలం ఇక్కడే ఉంది.

భూగర్భ జలాల మీద మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒక ఆట ఆడించి పరిశోధన చేశారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తున్న ఊళ్లలో, రూత్ మైన్‌జెన్-డిక్, మార్కో యాన్సెన్ తదితర పరిశోధకులు ఏడాది ఎడంతో రెండుసార్లు ఆడించారు. ఏ పంట వేస్తే బోరులో నీళ్లు ఏమవుతాయన్నదే ఆట. తర్వాత ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. ఫలితాలు 2018లో వరల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో వచ్చాయి. మీ వంటి అధికారులు తెలుసుకోదగ్గ సంగతులు అందులో మూడు కనిపించాయి నాకు. ఆటలో బాగా ఆడినవాళ్లకు డబ్బులిచ్చినా పంట ఎంపికలో తేడా రాలేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదటి ఏడు పెద్దగా పనిచేయలేదు గానీ, రెండో ఏడు ఆడినప్పుడు నీళ్లు మిగిలేలా ఆడిన జట్లు పెరగడానికి తోడ్పడింది. అన్నిటికంటే ముఖ్యం, ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టర్లు పెట్టుకున్నవీ, నీళ్ల వాడకానికి నియమాలు రాసుకున్నవీ ఎక్కువ. అదే సంస్థ పనిచేస్తున్నా ఆట ఆడని ఊళ్లతో పోల్చి చెప్పిన మాట ఇది. ఆటలొక్కటే భూగర్భ జలాలను కాపాడలేవని కూడా ఆ పరిశోధకులే స్పష్టంగా రాశారు.

అది చదివాక మాకు తోచిన రూపం ఒకటి తయారుచేసుకున్నాం. ఒక స్టీలు పళ్లెం, 50 చింతపిక్కలు, కొన్ని గవ్వలు, తెల్ల కాగితాలు. ఇంతే సరంజామా. పళ్లెం ఊరి కింది నీళ్లు. ఐదుగురు రైతులు. ప్రతి పంటకారు మొదట్లో వాన 5 పిక్కలు వేస్తుంది. వరి వేసినవాళ్లు 3 పిక్కలు తోడుకుంటారు, కొర్ర వేసినవాళ్లు 1. వరికి 5 గవ్వల రాబడి, కొర్రకు 2. పళ్లెంలో పిక్కలు 20 కంటే తగ్గిన ప్రతి కారూ బోరు లోతు చేయించాలి, తలా 3 గవ్వలు కట్టాలి. పది కార్లు ఆడాలి. మొదటి ఆటలో ఎవరితో ఎవరూ మాట్లాడకూడదు. ఏం వేశారో చీటీ మీద రాసి బోర్లా పెట్టాలి. రెండో ఆటలో మాట్లాడుకోవచ్చు.

ఒక ఆట నాకు బాగా గుర్తుంది. మొదటి ఆటలో ముగ్గురు మగవాళ్లు వరుసగా వరి రాస్తూ పోయారు. ఇద్దరు ఆడవాళ్లు ప్రతి కారూ కొర్ర రాశారు. కారుకు 6 పిక్కల చొప్పున పళ్లెం తరిగింది. ఆరో కారుకు 14 మిగిలాయి. బోరు ఖర్చు కట్టండి అన్నాను. కొర్ర వేసిన వాళ్లలో పెద్దామె గవ్వలు పళ్లెం పక్కన పెట్టలేదు. "నేను తీసింది ఒక్క పిక్క. లోతు చేసుకునేది మూడు తీసినోళ్లు. నాకేంటికి ఖర్చు టీచరమ్మా?" అంది. మాట్లాడకూడదన్న నియమం ఆ క్షణాన్నే పోయింది. "బోరు ఎండితే నీదీ ఎండుతాది గదా అక్కా" అన్నాడు పక్కాయన. "ఎండించింది ఎవురు మరి?" అందామె. చుట్టూ నిలబడ్డవాళ్లు కూడా అందుకున్నారు. ఎవరి పొలంలో ఏ ఏడు బోరు ఎండిందో, పక్కన ఎవరు కొత్త బోరు వేస్తే ఎండిందో, ఆటలో లేని పేర్లన్నీ బయటికొచ్చాయి.

ఎనిమిదో కారుకు పళ్లెంలో 2 పిక్కలే. ఆ తర్వాత వాన తెచ్చిన 5తో అందరూ కొర్రే వేయాల్సి వచ్చింది, అదీ బోరు ఖర్చుకు చాలలేదు. పది కార్లయ్యాక లెక్క కట్టాం. వరి వేసినవాళ్లకు తలా 29 గవ్వలు, కొర్ర వేసినవాళ్లకు 5.

రెండో ఆట మొదలయ్యేముందు చాలాసేపు మాట్లాడుకున్నారు. కారుకు ఒక్కరే వరి వేయాలి, వంతులవారీగా, మిగతా నలుగురూ కొర్ర అని తేల్చుకున్నారు. అప్పుడు పది కార్లలో ప్రతి ఒక్కరికీ రెండుసార్లు వరి దక్కుతుంది. పళ్లెం కారుకు 2 పిక్కలే తరుగుతుంది. చివరికి తలా 26 గవ్వలు, పళ్లెంలో 30 పిక్కలు. బోరు లోతు చేయించాల్సిన అవసరమే రాలేదు. వరి వేసిన ముగ్గురూ తలా 3 గవ్వలు వదులుకున్నారు. ఆడవాళ్లిద్దరికీ తలా 21 కలిసొచ్చాయి. ఈ అంకెలు బోర్డు మీద రాసి ఊరుకున్నాను. ఇది బాగుందా లేదా అని నేను చెప్పలేదు. ఆ ముగ్గురిలో ఒకాయన అన్నాడు, "మూడు గవ్వలు పోతే పోయె, ముప్పై పిక్కలు పిల్లోళ్లకుండాయి." ఇంకొకాయన ఒప్పుకోలేదు. తనకు అప్పుంది, ఈ ఏడు వరి వేయకపోతే వడ్డీ ఎలా కట్టాలని అడిగాడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. తర్వాత ఆడిన ఆటలో వంతుల్లో మొదటి కారు ఎవరిదన్న మాట వచ్చినప్పుడు ఆయనకే ఇచ్చారు.

ఇక్కడిదాకా నీళ్ల ఆట. వాతావరణ మార్పు ఇందులోకి వచ్చేది వాన దగ్గర. బాగా అలవాటైన జట్టుకు మేం వానను కార్డుల మీదికి మారుస్తాం. ఒక కార్డుకు 8 పిక్కలు, ఒకదానికి 5, ఒకదానికి 2. కుండపోత అని రాసిన కార్డుకు 3 పిక్కలే. అంత పెద్ద వానకు 3 ఏమిటని ప్రతి జట్టూ అడుగుతుంది. రెండు గంటల్లో కురిసిన వాన వాగులో పడి పోతుంది, భూమిలోకి దిగేందుకు వ్యవధి ఉండదు. అవే నీళ్లు పది రోజులు తడిపితే దిగుతాయి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1950 నుంచి 2015 వరకు మధ్య భారతంలో విస్తృతంగా కురిసే అతి భారీ వానల ఘటనలు మూడు రెట్లు పెరిగాయి. అందుకే ఒక ఆట నుంచి మరో ఆటకు కట్టలో కుండపోత కార్డులు పెంచుతాం. అప్పుడు ముందే రాసుకున్న వంతులు పనిచేయవు. ప్రతి కారూ పళ్లెం చూసి మళ్లీ మాట్లాడుకోవాలి. చెరువు పూడిక తీస్తే కుండపోత కార్డుకు 3 బదులు 5 పిక్కలని, అందుకు అందరూ గవ్వలు వేసుకోవాలని ఒక జట్టు తనంతట తాను కొత్త నియమం పెట్టింది. దాన్ని మేం ఆటలోనే ఉంచేశాం.

పళ్లెం చూసి పంట నిర్ణయించుకోవడం ఊహలో మాట కాదు. ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన ఒక ప్రాజెక్టు కింద ఏడు కరువు జిల్లాల్లో 638 ఊళ్లలో రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశంతో పాటు మహబూబ్‌నగర్, నల్గొండ కూడా వాటిలో ఉన్నాయి. చదువు అంతంతమాత్రంగా ఉన్న రైతులు పెద్ద పెద్ద చార్టుల మీద అంకెలు వేసి ఊరికి చూపించారు. ప్రాజెక్టు అయిపోయాక ఆ కూర్చోవడం చాలాచోట్ల ఆగిపోయింది. కూర్చోవడం మళ్లీ అలవాటు కావాలంటే ప్రాజెక్టుతో పోయేది కాకుండా ఊళ్లో ఉండిపోయే చోటు కావాలి.

బల్ల మీద ఆట పెట్టి పెద్ద విషయం చెప్పడం మనకు కొత్తేమీ కాదు. వైకుంఠపాళి పటం మీద పాపపుణ్యాలు నేర్చుకున్న జాతి మనది. అష్టాచెమ్మా, వామనగుంటలు అన్నీ తెలుసు. వాటిల్లో ఎవరి పావు వారిదే, ఎవరి గుంట వారిదే. పులిజూదంలో మాత్రం మేకలన్నీ కూడబలుక్కుని కదిలితే తప్ప పులి కట్టుబడదు. ఆ మేకల పక్షాన ఐదుగురిని కూర్చోబెట్టడమే నేనంటున్నది. పిల్లలు ఆడే బిజినెస్ ఆటకు మూలమైన ల్యాండ్‌లార్డ్స్ గేమ్‌కు 1904లో అమెరికాలో పేటెంటు తీసుకున్న ఎలిజబెత్ మాగీ, దానికి రెండు రకాల నియమాలు రాసింది. ఒక పద్ధతిలో ఒకరి చేతికి భూమంతా వచ్చి మిగతావాళ్లు దివాలా తీస్తారు. ఇంకో పద్ధతిలో సంపద పుట్టినప్పుడల్లా అందరికీ వాటా వస్తుంది. మన ఇళ్లకు చేరింది మొదటిదొక్కటే.

గ్రంథాలయమే ఎందుకు? పంచాయతీ ఆఫీసులో కూర్చుంటే ఎవరు ఏ పార్టీ అన్న లెక్క ముందు వస్తుంది. రచ్చబండ మీద కూర్చోవడానికి ఆడవాళ్లు, కొన్ని వాడలవాళ్లు ఇప్పటికీ జంకుతారు. బడికి పెద్దలు రారు. గ్రంథాలయంలో పొద్దున పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లున్నారు, రాత్రి దాకా కూర్చునే డీఎస్సీ, గ్రూప్స్ పిల్లలున్నారు. పన్నులో భాగంగా రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కట్టే ప్రతి ఇల్లూ ఆ కుర్చీకి హక్కుదారే. ఆ సెస్సు మీకు సక్రమంగా అందడం లేదనీ, ఒకే లైబ్రేరియన్ రెండు మూడు శాఖలు చూస్తున్నారనీ నాకు తెలుసు. అందుకే ఖర్చు లేని ఆటతో వస్తున్నాను.

మన గ్రంథాలయోద్యమం పుస్తకాల బీరువాలతో ఆగలేదని మీకు తెలుసు. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లకూ, 1914లో బెజవాడలో గ్రంథాలయ సభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారికీ గ్రంథాలయమంటే ప్రజలు పోగయ్యే చోటు. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి ఊరూరా తిప్పిన చరిత్ర మనది. గ్రంథాలయాల్లో రాత్రి బడులు నడిచాయి. ఆనాటి అవసరం అక్షరం. కలిసి నిర్ణయించుకోవడం నేర్చుకోవడం ఈనాటి అవసరం.

ఆడించేటప్పుడు చెడే చోట్లు కూడా చెప్పాలి. మొదటిది, బల్ల దగ్గర పెద్దమనిషి. చదువుకున్నవాళ్లో, పలుకుబడి ఉన్నవాళ్లో ఒకరు నలుగురి ఆటా తామే ఆడేస్తారు. చీటీ బోర్లా పెట్టే పద్ధతి దానికే. చర్చలో అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి. చుట్టూ నిలబడ్డవాళ్లు కారు పూర్తయ్యాకే నోరు విప్పాలి. మొదట్లో ఆడవాళ్లకు వేరే పూట పెట్టండి. పొదుపు సంఘం సమావేశం ముగిసే వేళకు కుదిర్చితే వస్తారు. తర్వాత వాళ్లే కలిసి ఆడతామంటారు, మా దగ్గర అలాగే జరిగింది.

రెండోది, బహుమతులు. దయచేసి వద్దు. మండల స్థాయి, జిల్లా స్థాయి పోటీలని ప్రకటించారంటే ఆట చచ్చిపోతుంది. ఎవరు తక్కువ నీళ్లు వాడి మార్కులు కొట్టేయాలా అని చూస్తారు, తమ మనసులో ఉన్న పంట రాయరు. అప్పున్న రైతు వరి రాయగలిగాడు కాబట్టే ఆ చర్చ వచ్చింది.

మూడోది నీతిబోధ. తప్పంతా కొర్ర వేయని రైతుదే అన్నట్టు ఆట ముగిస్తే అది అన్యాయం. గిట్టుబాటు ధర, కరెంటు విధానం, అప్పు, వీటిలో ఏదీ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల చేతిలో లేదు. అవి కూడా మాటల్లోకి రానివ్వండి. ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే కాగితం మీద రాయించండి. అలా రాసిన కాగితాలు గ్రామసభకు తీసుకెళ్లిన జట్లున్నాయి మా దగ్గర.

అన్ని చోట్లా చింతపిక్కల ఆటే ఆడనక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ తుఫానుకు 10 వేల మందికి పైగా పోయారు. ఆ తీరంలో ఆట తుఫాను మీద ఉండాలి. ఐదు కుటుంబాలు, ఒక ఆటో, ఒక తుఫాను షెల్టరు, చేతిలో ఆరు గంటలు. నడవలేని ముసలామె, పడవ వదిలి రానంటున్న మనిషి, నెలలు నిండిన కోడలు. ఎవరిని ముందు దాటిస్తారు? పట్నంలో అయితే వార్డు పటం గీయించి ఎండల ఆట పెట్టొచ్చు. కూలీ అడ్డా ఎక్కడ, నీడ ఎక్కడ, నీళ్ల కుండ ఎక్కడ, రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను మధ్యాహ్నం ఎవరు పలకరించాలి. ఈ పటాలు గీయడం ఆ ఊరివాళ్లే చేయాలి. ఎక్కడ నీళ్లు ముందు వస్తాయో బయటివాళ్లకు తెలియదు. కాలేజీ పిల్లలకు ముందు సైన్సు కావాలంటే ఫ్రాన్స్‌లో సెడ్రిక్ రింగెన్‌బాక్ 2015లో రూపొందించిన క్లైమేట్ ఫ్రెస్క్ ఉంది. 42 కార్డులను కారణం, ఫలితం వరసలో అందరూ కలిసి పేర్చాలి. మూడు గంటల పని.

ఇక మీ వల్ల కావలసినవి. వేసవి శిబిరాల్లో కథలు, బొమ్మలు, చెస్, క్యారమ్స్ పక్కన ఈ ఆటను చేర్చమని ఒక సర్క్యులర్ పంపండి. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక పూట పెద్దలకు ఆడించండి. ప్రతి బల్ల దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచి, ఆ రోజు జట్టు ఏ నియమానికి ఒప్పుకుందో, ఎవరు ఎందుకు ఒప్పుకోలేదో ఆడినవాళ్ల చేతే రాయించండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం మీ జిల్లాలో మరే సర్వేకూ దొరకని సమాచారమవుతుంది. లైబ్రేరియన్లకు అదనపు భారం పడకుండా ఆడించే బాధ్యత రిటైరైన ఉపాధ్యాయులకు, డిగ్రీ పిల్లలకు అప్పగించవచ్చు.

మా నియమాల కాగితం రెండు పేజీలు. ఎవరైనా జిరాక్సు తీసుకోవచ్చు, తమ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మా జిల్లాలో మొదట ఏ శాఖలో పెట్టమంటారో, ఏ ఆదివారమో కబురు చేయండి. పళ్లెం, పిక్కలు, గవ్వలు మేం తెచ్చుకుంటాం. బల్ల మాత్రం మీరు చూపించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు,
అనంతపురం జిల్లా